తిరగేసి చూసిన వెబ్‌సైటు

దగ్గరికి జరగండి. గడప దగ్గర నిలబడి వినే ముచ్చట కాదిది. ఇదిగో, ఈ బొంత మీదే కూర్చోండి. నలుగుతుందని భయం వద్దు, నలిగినకొద్దీ మెత్తబడుతుంది. మీ చేతిలో చిక్కుడుకాయలుంటే వాటిని ఒలుచుకుంటూనే వినండి. నేనూ సూది ఆపను.

నా చదువు మూడో తరగతితో సరి. అక్షరాలు కూడబలుక్కుంటాను. కానీ ఒకసారి నా చేతిలో పడ్డ చీరను మరిచిపోను. పదిహేనేళ్ల కింద మీరు బొంతకిచ్చిన చీరకు అంచు ఏ రంగో ఇప్పుడు అడిగినా చెబుతాను. ఏ కొంగు చిరిగిందో, ఎక్కడ పసుపు మరక ఉందో కూడా చెబుతాను. నాకు దేవుడిచ్చిన పుస్తకం అదొక్కటే.

సిద్దిపేటలో మా ఇంటి ముందు గదిలోనే మా పని. పాత నూలు చీరలు పొరలు పొరలుగా పరిచి, మనిషి లేని మూలలో రాయి పెట్టి, దాని మీదే కూర్చుని చేత్తో బొంత కుడతాం. ఈ పని మా అత్త నేర్పింది. కుట్టేది ముగ్గురం: నేను, మా కోడలు, పక్కింటి ఆపా. ఆపా నన్ను అక్క అంటుంది, నేనామెను ఆపా అంటాను. రెండు మాటలకూ అర్థం ఒకటే. ఇద్దరికీ పుట్టిన తేదీలు తెలియవు కాబట్టి ఎవరు పెద్దో ఇప్పటికీ తేలలేదు. ఎదుటిదే పెద్దదని ఇద్దరిదీ పట్టు.

మొదట్లో మా సంగతి నోటి మాట మీదే పాకేది. తర్వాత మా కోడలు ఒక వెబ్‌సైటు పెట్టించింది. చేసింది బస్టాండు వైపు ఫ్లెక్సీలు కొట్టే తమ్ముడు. మా దగ్గర ఫ్లెక్సీ లేకుండా ఏ పనీ జరగదు కదా. పుట్టినరోజుకు ఫ్లెక్సీ, పెళ్లికి ఫ్లెక్సీ, బోరు వేయించి నీళ్లు పడితే దానికీ ఫ్లెక్సీ. అందుకని ఆ తమ్ముడు వెబ్‌సైటునూ ఫ్లెక్సీలాగే చేశాడు. గులాబీ రంగు మీద బంగారు అక్షరాలు, పక్కన మా ముగ్గురి ఫోటోలు, మూలకు పూలదండ. అంతా ఒక బొమ్మే. అడుగున ఒక్క పట్టీ మాత్రం ఖాళీగా వదిలి, ఏమైనా రాసుకోవాలంటే అందులో టైపు చేసుకోమని మా కోడలికి చెప్పాడు. మేము చూసి మురిసిపోయాం. మూడేళ్లు బాగానే నడిచింది.

పోయిన ఎండాకాలం మా అత్త కాలం చేసింది. మైల ఉన్న పదకొండు రోజులు మా ఇంట్లో సూది ముట్టం. బట్టలు పంపేవాళ్లు పంపుతూనే ఉంటారని మా కోడలు ఏడుస్తూనే ఆ పట్టీలో రెండు ముక్కలు టైపు చేసింది. ఇంట్లో పెద్దమనిషి కాలం చేసినందున బొంతల పని ఆపేశాము, దయచేసి చీరలు పంపవద్దు అని. తేదీ వేయలేదు. ఆ రోజుల్లో తేదీ ఎవరికి గుర్తుంటుంది?

పదకొండు రోజులు గడిచాక పని మళ్లీ మొదలైందని ఆ తమ్ముడికే చెప్పాం. అతను పెద్ద అక్షరాలతో ఇంకో బొమ్మ చేసి, పట్టీ కనబడకుండా దాని మీద అతికించాడు. బజారులో చేసేదీ అదే కదా. పాత ఫ్లెక్సీని ఎవరూ విప్పరు. దాని మీదే కొత్తది కడతారు. గాలి గట్టిగా వీచినప్పుడు కింద ఎవరి పెళ్లో, ఎవరి పుట్టినరోజో తొంగి చూస్తుంటుంది. మేము ఫోన్‌లో చూసుకున్నాం. కొత్త బొమ్మ కళకళలాడుతోంది. సరే, ఇక పనులు వస్తాయనుకున్నాం.

రాలేదు. వానలు మొదలైతే బొంతలకు గిరాకీ. పసిపిల్లల ఇళ్లవాళ్లు, ముసలివాళ్ల ఇళ్లవాళ్లు ఫోన్ల మీద ఫోన్లు చేసేవాళ్లు. ఈసారి వానలు వచ్చాయి, పోయాయి. ఒకరో ఇద్దరో తెలిసినవాళ్లు తప్ప కొత్త ముఖం గడప తొక్కలేదు. మా అత్తతోనే చేతివాసి పోయిందేమోనని లోపల లోపల అనుకున్నాను. పైకి అనలేదు.

ఆపాకు అంత ఓపిక పట్టే వీలు లేదు. ఆమె ఇల్లు ఆమె సూది మీదే నడుస్తుంది. దసరా దాటి పత్తి మిల్లులు తెరుచుకున్నాయి. పని రాకపోతే వచ్చే సోమవారం నుంచి మిల్లుకు పోతానని, మేస్త్రీకి మాటిచ్చానని చెప్పింది. నాలుగేళ్ల కింద ఒక సీజను ఆమె ఆ మిల్లులోనే చేసింది. పత్తి దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోయి దవాఖానలో పన్నెండు రోజులు పడుకుంది. మళ్లీ ఆ దుమ్ములోకి పోవద్దని డాక్టరు చెప్పిన మాటకు నేనే సాక్షిని. అన్నీ తెలిసి ఎలా పంపను? పంపకుండా ఏం పెట్టి ఆపను?

ఆ వారంలోనే ఒకామె మూటతో వచ్చింది. నారాయణరావుపేట ఆడబిడ్డ, ములుగు దగ్గర ఒక కాలేజీలో వెబ్‌సైటు పని చూస్తుందట. మూటలో వాళ్ల అమ్మవి ఎనిమిది చీరలు. ఆ అమ్మ పోయి ఆర్నెల్లయిందట. గడప దగ్గరే నిలబడింది.

"మీరు పని బంద్ పెట్టిన్రని ఫోన్ చెప్పిందమ్మా. అయినా వచ్చిన. ఇంకెవరన్న చేత్తోని కుట్టేటోళ్లు ఎరుకుంటే చెప్తరని."

"బంద్ పెట్టుడేంది మేడం? గిదిగో కూసున్నం గద," అంది మా కోడలు.

"మన గురించి మనకు చెప్పకుండ ఊరందరికి చెప్తున్నదా ఫోను?" అంది ఆపా, సూదిలోకి దారం ఎక్కిస్తూ.

మేడం లోపలికి వచ్చి కూర్చుని మాకు చూపించింది. ఇదివరకు మనుషులు ఫోన్‌లో వెతికితే పది పేర్లు వచ్చేవి, ఒక్కోటి తెరిచి చూసుకునేవాళ్లు. ఇప్పుడు చాలామంది మనిషిని అడిగినట్టే ఏఐని అడుగుతున్నారట. అది అక్కడా ఇక్కడా చదివి ఒకే జవాబు చెబుతుంది. సిద్దిపేటలో చేత్తో బొంతలు కుట్టేవాళ్లెవరని మా ముందే అడిగింది. ఫోను మర్యాదగానే చెప్పింది. ఒక కుటుంబం ఉండేది, ఇంట్లో పెద్ద దిక్కు పోవడంతో పని ఆపేశారు, చీరలు పంపవద్దని కోరారు అని.

ఆపా సూది కింద పెట్టి ఫోను వైపు జరిగింది.

మేడం మా వెబ్‌సైటు తెరిచి, ఏవో నొక్కి, బొమ్మలన్నీ తీసేసి, ఒట్టి అక్షరాలే కనబడేలా చేసింది. పూలదండ పోయింది. బంగారు అక్షరాలు పోయాయి. మా ముఖాలూ పోయాయి. తెల్లటి జాగాలో ఆ రెండు ముక్కలే మిగిలాయి, మా కోడలు ఏడుస్తూ టైపు చేసినవి. పైన అతికించిన బొమ్మ మనుషుల కళ్లకే అడ్డం. ఏఐ దాన్ని దాటి అడుగున ఉన్నదే చదివింది. బొమ్మలో రాసిన రాతను అది ఒక్కోసారి చదివినా చాలాసార్లు వదిలేస్తుందట.

మా కోడలి కళ్లలో నీళ్లు తిరిగాయి. "నేనే మూసిన అత్తమ్మా మన పనిని. ఆర్నెల్ల సంది నా చేతి రాతే అందరిని ఎనక్కు పంపుతున్నది."

"మైల దినాలల్ల మైల మాటనే రాసినవు బిడ్డా. తర్వాత ఇప్పకపోవుడు మనందరి తప్పు," అన్నాను. పైకి అలా అన్నానే కానీ నా లోపల ఇంకో సంగతి జరిగింది. మా అత్త చేతివాసి పోలేదు. ఇన్నాళ్లూ మేము గాలిలో వెతుకుతున్న తప్పు ఫలానా చోట ఉందని తెలిసింది. తెలిసిన తప్పును దిద్దొచ్చు. ఆ పూట నేను రెండు ముద్దలు ఎక్కువే తిన్నాను.

మేడం చెప్పింది: పట్టీలో రాత తుడిచేస్తే సగమే అయినట్టు, వెబ్‌సైటును పెట్టుకునే పద్ధతే మార్చాలి అని. దానికి సీఎంఎస్ అని మూడక్షరాల పేరుంది. నాకు అర్థమైన మాటల్లో చెబుతాను. అది వెబ్‌సైటు మాటలు పెట్టుకునే అల్మారా. ఏ అరలో ఏముండాలో, తాళం ఎవరి చేతిలో ఉండాలో దాన్నిబట్టే ఉంటుంది. అల్మారాలు ఎన్నో రకాలున్నాయట, ఒకటి మనం ఎంచుకోవాలి.

అల్మారాలు నాకు తెలియవు. బొంతలు తెలుసు. కొనేవాడు పైనున్న రంగులు చూస్తాడు. కుట్టేవాళ్లం దాన్ని తిరగేసి వెనుక చూస్తాం. వెనుక కుట్లు వరుసగా ఉంటేనే లోపలి పొరలు కదలకుండా ఉంటాయి. అందుకని ఎవరొచ్చినా ఒకటే అడుగుదామన్నాను, తిరగేసి చూపించమని.

మొదట ఫ్లెక్సీ తమ్ముడే వచ్చాడు. పాపం మంచివాడు, తన వల్ల ఇలా జరిగిందని విని పరుగెత్తుకొచ్చాడు. ఇంకా పెద్ద బొమ్మ, ఇంకా మెరిసే అక్షరాలు పెడతానని ఫోన్‌లో నమూనా చూపించాడు.

"తమ్మీ, మెరుస్తది, ఒప్పుకుంటా. తిరగేసి చూపియ్యి."

మేడం ముందులాగే బొమ్మలు తీసేసి, తిరగేసి చూపించింది. మళ్లీ తెలుపే. "అక్కా, ఇంతమంది చూసుడే గని ఎనకకెళ్లి చూసినోళ్లు ఇప్పటిదాక లేరు," అన్నాడు తల గోక్కుంటూ. తన కొత్త ఫ్లెక్సీ దుకాణం వెబ్‌సైటు వెనుక కూడా తెలుపేనని అప్పటికప్పుడు చూసుకుని, చాయ్ కూడా తాగకుండా వెళ్లిపోయాడు.

రెండోది హైదరాబాదు కంపెనీవాళ్లది. పేరు చెప్పను, వాళ్ల పొట్ట మీద కొట్టడం మనకెందుకు. ఒక అమ్మాయి వీడియోలో మాట్లాడింది, నోరు చక్కెరలా ఉంది. ఆమె చూపించిన దాంట్లో మా బొంతలు పిట్టల్లా ఎగిరి వచ్చి వరుసగా వాలుతున్నాయి. మా కోడలు నోరు తెరిచి చూసింది. ఆపా అయితే అల్లా అని గుండె మీద చెయ్యి వేసుకుంది. నాకూ నచ్చింది, అబద్ధం ఎందుకు. తిరగేయమన్నాను. మేడం తిరగేస్తే అదీ ఖాళీయే.

"మా దాంట్ల అక్షరాలు తర్వాత వచ్చి కూర్చుంటాయి ఆంటీ," అంది ఆ అమ్మాయి.

అసలు కష్టం అక్కడేనని మేడం చెప్పింది. చదవడానికి వచ్చే మిషన్లలో కొన్ని అంతసేపు ఆగవట, ఖాళీ చూసి వెళ్లిపోతాయట. పైగా వాళ్ల దాంట్లో ఏఐ లోపలికి రాకుండా ముందే ఒక తాళం వేసి ఉంది. నాకు పై పొరకే కుట్టిన బొంత గుర్తొచ్చింది. ఒక్క ఉతుకు చాలు, లోపలి చీరలన్నీ ఒక మూలకు చేరతాయి.

మూడోది మేడం వాళ్ల కాలేజీలో వాడేటువంటిదే. చూడటానికి ఏమీ లేదు. తెల్ల జాగా, నల్ల అక్షరాలు, పక్కన చిన్న ఫోటో.

"గవర్నమెంటు ఆఫీసు గోడ లెక్కున్నదత్తమ్మా," అంది మా కోడలు, ఎగిరే బొంతలను ఇంకా మరవలేక.

"అందం లేని బొంత ఎవరు కప్పుకుంటరక్కా?" అంది ఆపా.

"చలి పెట్టినోళ్లు కప్పుకుంటరు," అన్నాను నేను. "తిప్పండి."

తిప్పితే ఏమీ మారలేదు. ముందున్నదే వెనుకా ఉంది. పెద్ద అక్షరాలతో ప్రశ్న, దాని కింద జవాబు, ఆ కింద ఇంకో ప్రశ్న, వరుసగా, మా అత్త కుట్టులాగ. ఇది ఊరు, ఇది పని, ఇది ఫోన్ నంబరు అని మిషన్‌కు అర్థమయ్యేలా లోపల చీటీలు కూడా అతికించొచ్చట. మార్చిన ప్రతిసారీ తేదీ దానంతటదే పడుతుంది. ఎవరు లోపలికి వచ్చి చదవాలో మనమే చెప్పొచ్చు. తాళం మా కోడలి చేతిలోనే ఉంటుంది, ఒక్క మాట మార్చడానికి ఎవరి ఇంటికీ పోనక్కర లేదు. రేపు ఇది వద్దనుకుంటే మా మాటలన్నీ మూట కట్టుకుని ఇంకో అల్మారాలోకి పోవచ్చు. ఈ చివరి మాట విన్నాక నాకు ఇంకేమీ అడగాలనిపించలేదు. ఇదే అన్నాను.

ఇక అందులో ఏం రాయాలి? మేడం అంది: "మీ గడప కాడ నిలబడి జనం ఏమేం అడుగుతరో అవే రాయున్రి అమ్మా. ఫోన్ల కూడ గవే అడుగుతరు."

అది నాకొదిలేయమన్నాను. రెండు రోజులు నేను చెబుతుంటే మా కోడలు టైపు చేసింది. ముప్పై ఏళ్లుగా ఎవరెవరు ఏమడిగారో నా లోపల ఉన్నవన్నీ బయటికి వచ్చాయి. ఒక బొంతకు ఎన్ని చీరలు పడతాయి? సిల్కు పనికొస్తుందా? లుంగీలు, ధోవతులు కలపొచ్చా? ఎన్నాళ్లు పడుతుంది? మిషన్ కుట్టా, చేతి కుట్టా? ఎలా ఉతకాలి? ఆపా కూడా వాళ్లవాళ్లు అడిగేవి నాలుగు చెప్పింది, ఆ జవాబులు ఉర్దూలోనూ పెట్టాం. అక్కన్నపేట నుంచి వచ్చిన ఒక ముసలాయన ఎప్పుడో అడిగిన ప్రశ్న కూడా పెట్టించాను. పోయినవాళ్ల చీరతో పసిబిడ్డకు బొంత కుట్టొచ్చా అని. ఆయనకు చెప్పిన జవాబే రాయించాను. కుట్టొచ్చు. ఎండలో రెండు రోజులు ఆరబెట్టి కుడతాం. ఆ బిడ్డను చూడకుండా పోయిన చెయ్యి ఈ రకంగా ఒక్కసారి కప్పుతుంది.

మైల మాటను తుడిచేయాలా అని మా కోడలు అడిగింది. పట్టీలోంచి తుడిచేయమన్నాను. మా గురించి రాసిన చోట మాత్రం ఇంకోలా పెట్టించాను. ఈ పని నేర్పిన మా అత్త పోయింది, పదకొండు రోజులు సూది ముట్టలేదు, పన్నెండో రోజు నుంచి ముగ్గురం మళ్లీ కుడుతున్నాం అని. దాచిపెట్టాల్సిన సంగతి కాదు కదా.

అంతా అయ్యాక ఫోన్‌ను అడిగాం. పని ఆపేశారంది. మర్నాడు అడిగినా అదే. మిషన్ మళ్లీ వచ్చి చదివేదాకా ఓపిక పట్టమంది మేడం. ఆదివారం కూడా అదే జవాబు. సోమవారం పొద్దున ఆటో వచ్చింది. ఆపా ముఖానికి చున్నీ చుట్టుకుని, టిఫిన్ డబ్బా పట్టుకుని ఎక్కింది. నేను గడపలో నిలబడ్డాను. నీళ్ల సీసా పెట్టుకున్నావా అని అడిగాను. తలూపింది.

ఆ రెండు రోజులు మేడం వాళ్ల అమ్మ చీరలను నేనూ కోడలూ కుట్టాం. ఆపా కూర్చునే మూలలో రాయి పెట్టాల్సి వచ్చింది. సాయంత్రం గోడ అవతల నుంచి ఆమె దగ్గు వినిపించింది. ఆ దగ్గు నేను గుర్తుపట్టాను.

మూడో రోజు పొద్దెక్కాక ఫోన్ మోగింది. కరీంనగర్ నుంచి ఎవరో ఆడమనిషి. తన కూతురికి నెలలు నిండుతున్నాయట. పోయిన తన అమ్మ చీరతో ఆ బిడ్డకు బొంత కావాలట. "ఎండల రెండు దినాలు ఆరబెట్టి కుడతరట గద," అంది. మా కోడలు నా ముఖం చూసింది. ఆ మాట నాది. ఎక్కడ చదివారని అడిగితే, చదవలేదు, ఫోన్ చెప్పిందంది ఆమె. మధ్యాహ్నం లోపల ఇంకొకరు చేశారు. ఆయన మూడు బొంతలు అడిగాడు.

మా కోడలు స్కూటీ తీసి మిల్లుకు పోయింది. గేటు దగ్గరికి ఆపా వచ్చిందట, వెంట్రుకల నిండా పత్తి. సంగతి విని కాసేపు గేటు కమ్మీ పట్టుకుని నిలబడి, "పొద్దుమూకి వస్త బిడ్డా. ఈ దినం పని ఒప్పుకున్న, నడిమిట్ల ఎట్ల ఇడుస్త?" అందట. ఆమె అంతే. ఆ సాయంత్రమే మేస్త్రీకి రేపటి నుంచి రానని చెప్పేసింది. మర్నాడు పొద్దున తలంటుకుని వచ్చి, తన మూలలో నేను పెట్టిన రాయిని పక్కకు జరిపి కూర్చుంది. నేను దారం అందించాను. నెలల తరబడి భుజాల మీద ఎవరో కూర్చుని, అప్పుడే దిగి వెళ్లిపోయినట్టు అనిపించింది.

ఇప్పుడు చేతి నిండా పని. పండుగకు పండుగకు, సెలవుకు సెలవుకు మా కోడలు వెబ్‌సైటులో తేదీ వేసి రాస్తుంది. పని మొదలైన రోజు పాత మాట విప్పేస్తుంది. మేడం బొంత ఆమెకు అందింది. వాళ్ల అమ్మ చీరల్లో పసుపు మరక ఉన్నదాన్ని లోపల కాదు, పైననే పెట్టమని ఆమే అడిగింది.

ఒక్క పొరపాటు మిగిలింది. మొన్న మా కోడలు ఊరికే ఫోన్‌ను అడిగి చూసింది. సిద్దిపేటలో ఇద్దరు అక్కాచెల్లెళ్లు, ఒక కోడలు కలిసి చేత్తో బొంతలు కుడతారని చెప్పింది. నేను ఆపా అని, ఆమె అక్క అని రాయించుకున్నాం కదా, మమ్మల్ని ఒక తల్లి బిడ్డలను చేసింది.

"దిద్దాల్నా అత్తమ్మా?" అని అడిగింది కోడలు.

"ఉండనియ్యి," అంది ఆపా. "గని ఎవరు పెద్దదని చెప్పింది?"

అది చెప్పలేదట. మంచిదే అయింది.

సరే, మీ చిక్కుడుకాయలు అయిపోయాయి, నా దారమూ అయిపోయింది. ఇక లేవండి. మీ ఇంట్లో చలికి కప్పుకునేది ఎప్పుడూ ఉండాలి, కప్పే చెయ్యి ఉండాలి. మీతో కలిసి పని చేసేవాళ్లు పొద్దున్నే మీ గడప తొక్కుతూ ఉండాలి. మీ ఇంటి గురించి ఎవరు ఎక్కడ అడిగినా, ఉన్నారు, చల్లగా ఉన్నారు అన్న జవాబే రావాలి.